ఆలోచనకు గడువు: గో ప్రోగ్రాములు కాలాన్ని ఎలా ఖర్చుపెడతాయి

2016 మార్చి 13, ఆదివారం. సోల్ నగరంలో మధ్యాహ్నం ఒంటిగంటకు లీ సెడాల్‌కూ ఆల్ఫాగోకూ మధ్య నాలుగో ఆట మొదలయ్యేటప్పటికి రాస్ అల్ ఖైమాలో ఉదయం ఎనిమిది గంటలు. శుక్ర, శనివారాలు సెలవులుగా ఉన్న ఆ రోజుల్లో ఎమిరేట్సులో ఆదివారం వారానికి మొదటి పనిదినం. ఆట చూడదలచినవారు ఆఫీసు కంప్యూటరు తెర మీద ఒక మూలన చూసుకోవలసిందే. మొదటి మూడు ఆటలూ ఓడిపోయి ఐదాటల పోటీని అప్పటికే చేజార్చుకున్న లీ ఆ రోజు తెల్లరాళ్ళతో ఆడాడు. 78వ ఎత్తుగా, నల్లరాళ్ళ నడుమ ఎవరూ ఊహించని చోట ఒక రాయి పెట్టాడు.

ఆ పోటీలో ఒక్కొక్కరికి రెండు గంటల సమయం, అది అయిపోయాక అరవై సెకన్ల విడతలు మూడు. లీ తన రెండు గంటల్లో అధికభాగం అప్పటికే ఖర్చుపెట్టేశాడు. యంత్రం దగ్గర ఇంకా ఎంతో సమయం మిగిలివుంది. అయినా 79వ ఎత్తును అది తప్పుగా ఆడింది. డీప్‌మైండ్ సంస్థ అధిపతి డెమిస్ హసాబిస్ ఆట జరుగుతుండగానే వెల్లడించిన ప్రకారం, ఆ ఎత్తు దగ్గర యంత్రం తన గెలుపు అవకాశాన్ని సుమారు 70 శాతంగా లెక్కగట్టుకుంది. 87వ ఎత్తు దగ్గరకు వచ్చాకే ఆ అంకె ఒక్కసారిగా పడిపోయింది. 180 ఎత్తుల తరువాత ఆల్ఫాగో ఓటమిని ఒప్పుకుంది.

చేతిలో సమయం ఉండగా యంత్రం దాన్ని ఎందుకు వాడుకోలేదు? పైకి చూస్తే కాలనిర్వహణ అనేది సెట్టింగుల ఫైలులో నాలుగు అంకెలు సరిచేసే వ్యవహారం. లోతుకు వెళితే అది వేరే ప్రశ్న: తనకు సందేహం కలగవలసిన చోటు ఇదేనని ఒక యంత్రానికి ఎలా తెలుస్తుంది?

గో ఆట తెలియనివారికి ఒక్క మాట. మన పులిజూదంలాగే ఇది కూడా గళ్ళలో కాక గీతల కూడళ్ళ మీద ఆడే ఆట. పులిజూదంలో మేకలు చుట్టుముట్టి పులిని కదలనివ్వకుండా కట్టేసినట్టు, ఇక్కడ కూడా ఎదుటివారి రాళ్ళకు ఊపిరి ఆడే ఖాళీ కూడళ్ళన్నిటినీ మూసేస్తే అవి బోర్డు మీదినుంచి తొలగిపోతాయి. అడ్డంగా పంతొమ్మిది గీతలు, నిలువుగా పంతొమ్మిది, మొత్తం 361 కూడళ్ళు. ఒకసారి పెట్టిన రాయి కదలదు. చివరికి ఎవరు ఎక్కువ చోటును తమదిగా చేసుకుంటే వారిదే గెలుపు. ఒక ఆటకు రెండువందల పైచిలుకు ఎత్తులు పట్టడం మామూలు.

గడియారాల సంగతి ఇంతకంటే చిక్కైనది. జపానులోని పెద్ద బిరుదు పోటీల్లో ఒక్కొక్కరికి ఎనిమిది గంటల సమయమిచ్చి రెండు రోజులపాటు ఆడించే సంప్రదాయం ఉంది. అసలు సమయం అయిపోయాక వచ్చేది బ్యోయోమి. సెకన్లను పైకి లెక్కపెట్టడం అని ఆ జపనీయ పదానికి అర్థం. ఇచ్చిన విడతలోపు ఎత్తు వేస్తే ఆ విడత మళ్ళీ మొదటికి వస్తుంది. వేయకపోతే ఆ విడత పోతుంది. కెనడా పద్ధతిలో ఇన్ని నిమిషాల్లో ఇన్ని రాళ్ళు పెట్టాలని నియమం. చదరంగం ఆటగాడు బాబీ ఫిషర్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతిలో ప్రతి ఎత్తుకూ కొన్ని సెకన్లు గడియారానికి జమ అవుతాయి. వీటిలో ఏది అమలులో ఉందన్నదాన్నిబట్టి ప్రోగ్రాము లెక్క పూర్తిగా మారిపోతుంది. బ్యోయోమిలో ఒక విడతను సగంలో ముగిస్తే మిగిలిన సగం వృథా. ఫిషర్ పద్ధతిలో మిగుల్చుకున్న ప్రతి సెకనూ మరో ఎత్తుకు పనికొస్తుంది.

చదరంగం ప్రోగ్రాములకు కాలనిర్వహణ సమస్య ఎప్పటినుంచో ఉంది. రాస్ అల్ ఖైమాకు పొరుగునే, అబుదాబి కేంద్రంగా తయారైన హైడ్రా అనే యంత్రం 2005 జూన్‌లో లండన్‌లో మైకేల్ ఆడమ్స్‌ను 5.5–0.5 తేడాతో ఓడించింది. ఆ కాలపు చదరంగ యంత్రాలు వెతుకులాటను అంచెలంచెలుగా లోతుకు తీసుకువెళ్ళేవి: పది ఎత్తుల లోతు పూర్తయ్యాక పదకొండు, ఆ తరువాత పన్నెండు. ప్రతి అంచెకూ ముందు అంచెకంటే కొన్ని రెట్ల సమయం పడుతుంది. సగంలో ఆపిన అంచెవల్ల దక్కేది తక్కువ. అందుచేత కొత్త అంచె మొదలుపెట్టాలా వద్దా అన్నదే వాటికి ముఖ్యమైన నిర్ణయం.

గో విషయంలో ఈ పద్ధతి పారలేదు. బోర్డును చూసి ఎవరు ముందున్నారో చెప్పే సూత్రం దొరకకపోవడమే దానికి కారణం. తైవాన్‌కు చెందిన ఇంగ్ చాంగ్‌కీ వృత్తి ఆటగాణ్ణి ఓడించే ప్రోగ్రాముకు ప్రకటించిన భారీ బహుమతి, 2000 సంవత్సరం గడువు దాటేదాకా ఎవరికీ దక్కలేదు. ఆ తరం ప్రోగ్రాముల్లో పేరున్న గ్నూ గోలో బలాన్ని మార్చాలంటే లెవెల్ అనే ఒక అంకెను మార్చాలి. మామూలుగా అది 10. గడియారానికి తగ్గట్టు ఆ అంకెను తానే సర్దుకొనే వీలు కూడా ఉండేది. కానీ ఆ ప్రోగ్రాము బలం ప్రధానంగా దానిలో రాసిపెట్టిన గో పరిజ్ఞానానిది. పదిరెట్లు సమయమిచ్చినా ఆ పరిజ్ఞానం పెరగదు.

2006లో పరిస్థితి మారింది. ఫ్రాన్సులో రెమీ కూలోమ్ తయారుచేసిన క్రేజీ స్టోన్, ఆ వెంటనే సిల్వాన్ జెల్లీ, యిజావ్ వాంగ్‌ల మోగో, మాంటీ కార్లో వృక్షాన్వేషణను వాడుకలోకి తెచ్చాయి. ప్రస్తుత స్థితినుంచి ఆటను చివరిదాకా వేలసార్లు గబగబా ఆడి చూసుకోవడం, ఎక్కువ గెలుపులు వచ్చిన కొమ్మలవైపు మరిన్నిసార్లు వెళ్ళడం, ఏ ఎత్తును ఎక్కువసార్లు సందర్శించారో దాన్నే ఆడడం: స్థూలంగా పద్ధతి ఇది. దీన్ని ఏ క్షణంలో ఆపినా ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది, ఆపకుండా ఉంటే ఆ జవాబు మెరుగవుతూ ఉంటుంది. దీనితో బలమూ కాలమూ వేరువేరు విషయాలు కాకుండా పోయాయి. ప్రోగ్రాము బలం ఎంత అని అడగడమూ, దానికి ఎంత సమయమిచ్చారని అడగడమూ దాదాపు ఒకటే అయింది. సమయం రెట్టింపైన ప్రతిసారీ బలం పెరుగుతుంది. అయితే ప్రతి రెట్టింపుకూ దక్కే లాభం క్రమంగా తగ్గుతుంది.

మరి సమయాన్ని పంచడమెలా? అన్నిటికంటే సులభమైన మార్గం, మిగిలిన సమయాన్ని ఒక స్థిరసంఖ్యతో భాగించడం. ఇరవై నిమిషాలు, అంటే 1200 సెకన్లు ఉన్నాయనుకుందాం. నలభైతో భాగిస్తే మొదటి ఎత్తుకు 30 సెకన్లు. ఆ తరువాత మిగిలిన 1170ని మళ్ళీ నలభైతో భాగించాలి. ఇలా చేస్తే సమయం ఎన్నటికీ పూర్తిగా అయిపోదు. కానీ అత్యధిక భాగం ఎక్కడ ఖర్చవుతుంది? ఆట మొదట్లో, నాలుగు మూలలూ ఖాళీగా ఉండి, ఏ ఎత్తు వేసినా పెద్ద నష్టం లేని దశలో. గుంపులు ఒకదానికొకటి తగులుకొని చావుబతుకుల లెక్క తేలే మధ్యభాగానికి వచ్చేసరికి సంచి సగం ఖాళీ.

దీనికి విరుగుడును షీ-చీహ్ హువాంగ్, కూలోమ్, షున్-షీ లిన్‌లు 2010లో ఎరికా అనే ప్రోగ్రాముకోసం సూచించారు. ఆట మొదట్లో భాజకాన్ని పెద్దదిగా పెట్టి, ఎత్తులు గడిచేకొద్దీ తగ్గిస్తూ వచ్చి, ఒక దశ దాటాక స్థిరంగా ఉంచడం వారి సూత్రంలోని సారం. దానివల్ల ఖర్చు శిఖరం ఆట మధ్యకు జరుగుతుంది. అదే సంవత్సరం కనజవాలో జరిగిన కంప్యూటర్ ఒలింపియాడ్‌లో 19×19 గో విభాగంలో ఎరికాకు స్వర్ణపతకం వచ్చింది. పతకం ఈ ఒక్క సూత్రంవల్లే వచ్చిందనడం సరికాదు గాని, ఇంత చిన్న మార్పుకు ఇంత ఫలితం ఉంటుందని అంతకుముందు చాలామంది అనుకోలేదు.

మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో హెండ్రిక్ బేయర్, మార్క్ వినండ్స్ చేసిన పరిశోధన మరో అడుగు వేసింది. ఆట మొదలుకాకముందే చేసే పంపకాలను, వెతుకులాట నడుస్తుండగా తీసుకొనే నిర్ణయాలను వారు వేరుచేసి పోల్చారు. అన్నిటికంటే ఎక్కువ లాభం ఇచ్చింది రెండో కోవలోని ఒక సామాన్యమైన నియమం: రెండో స్థానంలో ఉన్న ఎత్తు మొదటిదాన్ని ఇక అందుకోలేదని తేలిన మరుక్షణం ఆపేయడం. ఒక ఎత్తుకు పది సెకన్లు కేటాయించారు, సెకనుకు వెయ్యి సందర్శనలు జరుగుతున్నాయి అనుకుందాం. ఆరు సెకన్లు గడిచేసరికి మొదటి ఎత్తుకు 4900, రెండోదానికి 700, మిగతావన్నిటికీ కలిపి 400. ఇంకా జరగవలసినవి 4000. అవన్నీ రెండో ఎత్తుకే వెళ్ళినా దాని మొత్తం 4700 మాత్రమే. అంటే జవాబు మారే అవకాశం లేదు. మిగిలిన నాలుగు సెకన్లను దాచుకోవచ్చు. ఈ పొదుపు ప్రతి ఆటలోనూ పదుల ఎత్తుల దగ్గర జరుగుతుంది గనుక, మొదటినుంచీ కొంత ఉదారంగా సమయం కేటాయించినా నష్టం ఉండదు.

దీనికి జంట నియమం కూడా ఉంది. కేటాయించిన సమయం ముగిసేసరికి ఎక్కువసార్లు సందర్శించిన ఎత్తు ఒకటి, సగటు ఫలితం ఎక్కువగా ఉన్న ఎత్తు మరొకటి అయితే, వెతుకులాట తనతో తానే విభేదిస్తోందని అర్థం. అప్పుడు మరికొంత సమయమివ్వాలి. 2016లో నేచర్ పత్రికలో వచ్చిన వ్యాసం ప్రకారం ఆల్ఫాగో చేసింది ఇదే. ఆట మధ్యభాగంలో ఎక్కువ సమయం వాడడం, ఆ రెండు కొలమానాలూ విభేదిస్తే వెతుకులాటను పొడిగించడం, గెలుపు అంచనా పది శాతానికి దిగువకు పడితే ఓటమి ఒప్పుకోవడం దానికి నేర్పిన నియమాలు.

తెలుగువారికి ఈ కథలో ఒక దగ్గరి చుట్టరికం ఉంది. అది గో బోర్డు మీద కాదు, మాటను గుర్తుపట్టే యంత్రాల్లో. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర డాక్టరేట్ పూర్తిచేసిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, అనగా రాజ్ రెడ్డి, 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడ ఆయన బృందం తయారుచేసిన హియర్‌సే-1 నోటితో చెప్పిన చదరంగపు ఎత్తులను గుర్తుపట్టేది. వినబడిన శబ్దం అస్పష్టంగా ఉంటే, ఆ స్థితిలో వేయగల ఎత్తులేవో చూసి మిగతా ఊహలను కొట్టేసేది. 1976లో అదే చోట బ్రూస్ లోవెరీ రూపొందించిన హార్పీ 1011 పదాలను గుర్తించగలిగింది. దాని విజయరహస్యం, ప్రతి అడుగులోనూ అన్నిటికంటే మెరుగైన ఊహకు దగ్గరగా ఉన్నవాటిని మాత్రమే ఉంచుకొని తక్కినవాటిని అక్కడికక్కడే వదిలేయడం. మాట వినడం ముగిసిన కాసేపటికే జవాబు రావాలంటే వేరే దారి లేదు. మాస్ట్రిక్ట్ నియమంలో ఉన్నదీ ఈ కోవకు చెందిన తర్కమే: ఇక గెలవలేనిదాని మీద క్షణం కూడా ఖర్చుపెట్టకూడదు. అయితే హార్పీ ముందుగా వదిలేసిన ఊహ తరువాత సరైనదని తేలితే దాన్ని వెనక్కు తెచ్చుకొనే దారి లేదు. మాస్ట్రిక్ట్ నియమం లెక్క పక్కాగా తేలాకే ఆపుతుంది. హార్పీది అంచనా మీద చేసిన సాహసం. రాజ్ రెడ్డి విద్యార్థి కై-ఫు లీ, సంజయ్ మహాజన్‌తో కలిసి బిల్ అనే ఒథెల్లో ప్రోగ్రామునూ రాశాడు. 1988లో ఆయనే స్ఫింక్స్ అనే వాగ్గ్రహణ వ్యవస్థను తయారుచేశాడు. ఆటకూ మాటకూ మధ్య రాకపోకలు ఆ విశ్వవిద్యాలయంలో కొత్తేమీ కాదు.

ఇప్పుడు సెట్టింగుల ఫైలు దగ్గరకు వద్దాం. నేడు ఎవరైనా ఉచితంగా దింపుకొని వాడుకోగల ప్రోగ్రాముల్లో అగ్రస్థానం డేవిడ్ వూ రాసిన కటాగోది. రాస్ అల్ ఖైమాలోని ఒక ఫ్లాట్‌లో ఒక తెలుగు ఇంజనీరు దాన్ని ల్యాప్‌టాప్‌లో పెట్టుకొని, తూర్పు ఆసియాలో ఉన్న సర్వరు మీద ఆడించదలచుకున్నాడనుకుందాం. అతడు మొదట చూసుకోవలసింది మాక్స్‌విజిట్స్, మాక్స్‌టైమ్ అనే పరిమితులను. ఏ పరిమితి ముందు తగిలితే వెతుకులాట అక్కడ ఆగుతుంది. ప్రోగ్రాముతోపాటు వచ్చే నమూనా ఫైలులో మాక్స్‌విజిట్స్ 500గా ఉంటుంది. మంచి గ్రాఫిక్స్ కార్డుకు అది సెకనో రెండు సెకన్లో చేసే పని. దాన్ని అలాగే వదిలేసి అరగంట ఆట ఆడిస్తే, గడియారంలో సింహభాగం మిగిలిపోతుంది. ప్రోగ్రాము తొందరపడుతోందని, కాలనిర్వహణ చేతకావడం లేదని ఫిర్యాదు చేసేవారిలో చాలామంది సమస్య ఈ ఒక్క గీతలో ఉంటుంది.

తరువాతిది థ్రెడ్ల సంఖ్య. ఎన్ని ఎక్కువుంటే అంత బలం అనుకోవడం సహజం, కానీ పొరపాటు. ఒకేసారి పదహారు థ్రెడ్లు వృక్షంలోకి దిగితే, ముందువాటి ఫలితాలు రాకుండానే తక్కినవి తమ కొమ్మను ఎంచుకోవాలి. సందర్శనల సంఖ్య పెరుగుతుంది. ఒక్కొక్క సందర్శన విలువ తగ్గుతుంది. ఎత్తుకు రెండు సెకన్లే ఉంటే ఈ నష్టం ఎక్కువ, నిమిషం ఉంటే తక్కువ. కటాగోలోని బెంచ్‌మార్క్ ఆదేశం ఈ రెండిటినీ తూచి ఒక సంఖ్యను సూచిస్తుంది. దాన్ని నడిపేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. గల్ఫ్ వేసవిలో, ఏసీ గాలి సరిగా తగలని మూలనున్న ల్యాప్‌టాప్ మొదటి నిమిషంలో చూపిన వేగాన్ని పదో నిమిషంలో చూపదు. వేడెక్కిన కార్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. అందుచేత యంత్రం కొంతసేపు పనిచేసి వేడెక్కాక పరీక్షించినప్పుడు వచ్చిన అంకెనే నమ్మాలి.

లాగ్‌బఫర్ మూడోది. ఎమిరేట్సునుంచి టోక్యో దాదాపు ఎనిమిదివేల కిలోమీటర్లు. గాజుతీగలో కాంతివేగం సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు గనుక, రానూపోనూ కనీసం 80 మిల్లీసెకన్లు. తీగ తిన్నగా పోదు, దారిలో రూటర్లున్నాయి, వైఫై ఉంది. కాబట్టి అసలు ఆలస్యం ఇంతకు ఎక్కువే, పైగా అది నిలకడగా ఉండదు. బ్యోయోమి విడత ఇంక అర సెకను ఉందనగా ఎత్తు పంపే ప్రోగ్రాము ఎప్పుడో ఒకప్పుడు గెలిచిన ఆటను గడియారం మీద పోగొట్టుకుంటుంది. ఎత్తుకు ఒక సెకను కోల్పోవడంవల్ల తగ్గే బలం స్వల్పం. ఒక్కసారి గడువు దాటితే పోయేది ఆట మొత్తం. ఈ బేరంలో పిసినారితనం పనికిరాదు. సర్వరుకూ ప్రోగ్రాముకూ మధ్య ఉండే సాఫ్ట్‌వేరు ప్రతి ఎత్తుకూ మిగిలిన సమయాన్ని తెలియజేస్తోందా లేదా అన్నది కూడా ముందే చూసుకోవాలి. అది తెలియకపోతే ప్రోగ్రాము తన సొంత లెక్కనే నమ్ముకుంటుంది, ఆ లెక్కలో దారిలో పోయిన సమయం ఉండదు.

అదనపు సమయమేదీ లేని గడియారంతో ఆడేటప్పుడు మరో ప్రమాదం ఉంది. ఆట వాస్తవానికి ముగిసింది, కానీ ఎదుటి ప్రోగ్రాము పాస్ అనకుండా అర్థంలేని రాళ్ళు పెడుతూనే ఉంది. చైనా నియమాల ప్రకారం దానివల్ల దానికి నష్టమూ లేదు. జవాబు చెప్పడానికి ఇవతలివారికి సమయం ఉండాలి గదా! ఈ అవసరానికి కొంత నిల్వ పెట్టుకోని ప్రోగ్రాములు గెలిచిన ఆటలను కూడా ఓడిపోతాయి.

పాండరింగ్, అంటే ఎదుటివారి సమయంలో ఆలోచించడం, ఖర్చులేని బలం. ఒకే కార్డు మీద రెండు ప్రోగ్రాములను పోటీకి పెట్టినప్పుడు మాత్రం అది దొంగతనమవుతుంది. ఒకటి ఎదుటిదాని వనరులను తింటుంది. అలా వచ్చిన ఫలితాలతో ఏది బలమైనదో తేల్చడం అర్థంలేని పని. గెలుపు దాదాపు ఖాయమైనప్పుడు వెతుకులాటను తగ్గించుకొనే గుణకం కూడా నమూనా ఫైలులో ఉంది: గెలుపు అంచనా 0.95 దాటితే వెతుకులాటను 0.40 వంతుకు కుదించడం. మనిషితో కాలక్షేపానికి ఆడేటప్పుడు ఇది మర్యాదైన ఏర్పాటు. పోటీలో మాత్రం దీన్ని తీసేయడమే మేలు, ఎందుకంటే ఇది ప్రోగ్రాము తన అంచనాను తాను పూర్తిగా నమ్మడం మీద ఆధారపడింది.

బలాన్ని తగ్గించడం పెంచడంకంటే కష్టం. సందర్శనలను ఒకటికి కుదించినా, అంటే ఏమాత్రం వెతకకుండా తొలిచూపుతోనే ఆడించినా, కటాగో సామాన్య ఆటగాళ్ళకు అందదు. సమయం తగ్గితే దానికి పోయేది లెక్క మాత్రమే, చూపు పోదు. కొత్తగా నేర్చుకొనే మనిషికి లేనిది ఆ చూపే. అందుకే 2024లో కటాగోకు మనుషుల ఆటలనుంచి నేర్చిన మరో నమూనాను జతచేశారు. ఫలానా స్థాయి మనిషి ఎక్కడ ఆడతాడో, ఎలాంటి పొరపాటు చేస్తాడో అది ఊహిస్తుంది. గడియారం మార్చి సాధించలేనిదాన్ని వేరే శిక్షణతో సాధించవలసి వచ్చింది.

78వ ఎత్తు కథ కూడా ఇక్కడే ముడిపడుతుంది. ఆ చోట మనిషి ఆడే అవకాశాన్ని ఆల్ఫాగో సుమారు పదివేలలో ఒకటిగా లెక్కగట్టుకుందని డీప్‌మైండ్ చెప్పింది. అంత తక్కువ అంచనా ఉన్న కొమ్మలోకి వెతుకులాట ముందుగా వెళ్ళదు. వెళ్ళని కొమ్మనుంచి విభేదం పుట్టదు. విభేదం లేకపోతే పొడిగింపు నియమానికి పని తగలదు. ఎత్తు పడ్డాక కూడా 70 శాతం ధీమా అలాగే ఉంది. ధీమాగా ఉన్నవాడికి గంట సమయముంటే ఏం, గడియ ఉంటే ఏం? లీకి ఉన్నది తక్కువ సమయమే అయినా, ఎక్కడ ఆగి ఆలోచించాలో అతనికి తెలుసు.

ఈ బలహీనత ఆల్ఫాగోతో పోలేదు. 2022లో టోనీ వాంగ్, ఆడమ్ గ్లీవ్ తదితరులు కటాగోను ఓడించడానికే ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చిన ఒక ప్రోగ్రామును తయారుచేశారు. మామూలు ఆటలో అది బలహీనమైనది, అనుభవం లేని మనుషుల చేతిలోనూ ఓడిపోయేది. కానీ వలయాకారంలో ఒకదాన్నొకటి చుట్టుకొన్న గుంపుల విషయంలో కటాగో చావుబతుకులను తప్పుగా చూస్తుందని అది కనిపెట్టింది. తన పెద్ద గుంపు చుట్టూ వల బిగుస్తున్నా, చివరి క్షణందాకా కటాగో గెలుపు ధీమాతోనే ఉంటుంది. సందర్శనలను బాగా పెంచినప్పుడు ఆ దాడి విజయాలు తగ్గాయి గాని ఆగిపోలేదు. 2023లో కెలిన్ పెల్రిన్ అనే అమెరికా అవృత్తి ఆటగాడు ఆ ఎత్తుగడను నేర్చుకొని, ఆట సమయంలో కంప్యూటరు సాయమేదీ లేకుండానే, పదిహేను ఆటల్లో పద్నాలుగు గెలిచాడు. ఆ తరువాత అలాంటి వలయాకార స్థితులను కటాగో శిక్షణలో చేర్చారు. దానివల్ల పాత దాడికి అది చాలావరకు తట్టుకోగలుగుతోంది. పరిశోధకులు మళ్ళీ కొత్త దాడులు కనిపెట్టారు. ఈ రంధ్రాన్ని సెట్టింగుల ఫైలులోని ఏ అంకెతోనూ పూడ్చలేకపోయారు.